ఉప్పునీటి కాపలా

నేను ఒక వడపోత పెట్టెను. చేపల తొట్టి వెనక అంచుకు వేలాడుతూ, మురికినీళ్లు గొట్టంతో పీల్చి, లోపలి స్పాంజి గుండా పంపి మళ్లీ తొట్టిలోకి వదలడం నా పని. విశాఖపట్నంలో భానోజీరావు ఇంట్లో నన్ను సంచిలోంచి బయటికి తీసేసరికే గొడవ సగం దాటిపోయింది.

"ఇదొక్కటీ చాలదండీ," అంటోంది ఆయన భార్య ఇందుమతి. "ఉప్పునీళ్ల చేపలకి నురగ తీసే మిషను కూడా ఉండాలి. అన్ని లైట్లు ఎందుకు? అవి తగ్గించి ఇది కొనాల్సింది."

"వచ్చినోళ్లకి లైటు కనబడతాది గానీ నీ నురగ మిషను కనబడతాదేటే? సముద్రం వీధి చివరుంది, నీళ్లు ఊరికే తెచ్చీసాను. సముద్రంలో చేపలకి ఎవడెట్టాడు మిషన్లు?"

"సముద్రం పెద్దది కాబట్టి అక్కర్లేదు. ఇది మన గంగాళమంత కూడా లేదు."

"అబ్బో, ల్యాబ్ మేడం గారు!"

ఇందుమతి నన్ను తీసుకుని తొట్టి అంచుకు తగిలించింది. పెళ్లికి ముందు ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేసింది. కూతురు ధాత్రి ఇప్పుడు రోజంతా బడిలో ఉంటోంది. పాత ల్యాబువాళ్లు మళ్లీ రమ్మంటున్నారు, వెళ్తానని ఆమె అడుగుతోంది. ఇంట్లో తోచడం లేదని ఒకసారి నోరు జారింది. ఏడ్చే పిల్లకు పీచుమిఠాయి కొనిచ్చినట్టు భానోజీ తొట్టి కొనిచ్చాడు.

నేనేమీ కొత్తదాన్ని కాను. ఎక్కడో కర్మాగారంలో నాలాంటివాటితో పాటు అచ్చులోంచి ఊడిపడ్డాను. మొదట ఒక పళ్ల డాక్టరు గదిలో చేరాను. వచ్చినవాళ్లు చేపల్ని చూస్తూ దవడ నొప్పి మర్చిపోవాలని ఆయన ఆశ. చేపలు చచ్చాక, ఖాళీ తొట్టి చూస్తే రోగులు దడుచుకుంటున్నారని నన్ను సామాన్ల గదిలోకి విసిరేశాడు. భానోజీ పన్ను పీకించుకోడానికి వచ్చి, పన్నక్కడ వదిలి నన్ను పట్టుకొచ్చాడు.

మనుషులు నన్ను కొంటారు గానీ నా పని తెలుసుకోరు. కొత్త తొట్టిలో నేను ఒట్టి ప్లాస్టిక్ డబ్బాను. నెల తిరిగేసరికి నా స్పాంజికి గోధుమరంగు జిగురు పడుతుంది. అందులో కంటికానని జీవులు కాపురముంటాయి. చేపలు విసర్జించే విషాన్ని అవే విరిచేస్తాయి. నా మురికే చేపల ప్రాణం. ఇందుమతికి ఈ సంగతి తెలుసు. అందుకే చేపల్ని నెలాగి తెద్దామంది. ఆదివారం ఆఫీసు స్నేహితులు భోజనానికొస్తున్నారని భానోజీ శనివారమే తెచ్చేశాడు. నారింజ ఒంటి మీద తెల్లపట్టీలున్న చేపలు రెండు. ధాత్రి వాటికి గవ్వ, ముత్యం అని పేర్లు పెట్టింది.

చేపలు చావలేదు. ఇందుమతి చావనివ్వలేదు. రోజూ కాసిని నీళ్లు తీసి కొత్త నీళ్లు పోస్తూ, నా స్పాంజికి జిగురు పట్టేదాకా కాపు కాసింది.

అప్పుడు భానోజీ తల్లి పైడమ్మ కన్ను నా మీద పడింది. శుక్రవారం గడప నుంచి పెరటి తూము దాకా కడగనిదే ఆమె పచ్చి మంచినీళ్లు ముట్టదు. కోడలు పిల్లను బడిలో దింపి వచ్చేలోగా నా స్పాంజి ఊడదీసి, మున్సిపాలిటీ కుళాయి కింద పెట్టి, తెల్లగా వచ్చేదాకా పిండింది. క్రిముల్ని చంపే మందు కలిపిన ఆ మంచినీళ్లలో నా కాపురమంతా కొట్టుకుపోయింది. వారం తిరక్కుండా గవ్వ వెల్లకిలా తేలింది.

"అత్తయ్య స్పాంజి కడిగేశారండీ," అంది ఇందుమతి.

"సుబ్రం సేస్తే సచ్చిపోతాదేటి?" అంది పైడమ్మ. "ఒరే, నిన్ను రోజూ తోమి తోమి పెంచాను. నువ్వు సచ్చిపోయావేట్రా?"

భానోజీ పగలబడి నవ్వాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "రెండు చేపల్ని చూసుకోలేనిదానివి, ల్యాబులో జనం రక్తం చూస్తావా?"

చచ్చిన చేపను మేడమీది పిల్లికి వేశారు.

ఇందుమతి సముద్రం నుంచి తానే నీళ్లు మోసుకొచ్చి ముత్యాన్ని నిలబెట్టింది. అత్తగారి చెయ్యి నా వైపు వచ్చిన ప్రతిసారీ అడ్డం నిలబడింది. నాకు మళ్లీ జిగురు పట్టింది. నీళ్లు తేటపడ్డాయి. సరిగ్గా అప్పుడే ల్యాబు నుంచి ఫోనొచ్చింది. ఎత్తింది భానోజీ.

"మా ఆవిడ రాదండీ. ఇంట్లో చేపుంది. కనిపెట్టుకుని ఉండాలి," అని నవ్వుతూ పెట్టేశాడు.

పక్కనే కూర గరిటెతో నిలబడ్డ ఇందుమతి అడిగింది. "చేప ఉన్నన్నాళ్లూనా?"

"ఉన్నన్నాళ్లూ. దాన్నొదిలీసి నువ్వు ఊరేగితే ఎవడు చూస్తాడు?"

"ఎన్నేళ్లు బతుకుతుందిట?"

"బాగా చూసుకుంటే పదేళ్లు పైమాటేనన్నాడు షాపువాడు," అన్నాడు, తానే ఆయుష్షు పోసినట్టు గర్వంగా.

ఆమె తొట్టి దగ్గరికొచ్చి నిలబడింది. ముత్యం అలవాటుగా ఆమె వేలి వైపు ఈదుకుంటూ వచ్చింది.

ఆ వారంలోనే శ్రావణ శుక్రవారం. పైడమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని నా ముందు నిలబడింది. "ఈ కుళ్లు ఇంట్లో ఎట్టుకుంటే లచ్చిందేవి గుమ్మం తొక్కుతాదేటి? ఈయేళ నువ్వు అడ్డం రాకే అమ్మా."

నేను ఇందుమతి అడుగుల కోసం చూశాను. ఆమె వచ్చింది.

"మీ ఇష్టం అత్తయ్యా," అంది. బకెట్టు తెచ్చి పెట్టింది. కుళాయి తిప్పింది. కాసేపాగి, గట్టు మీద ఉన్న బ్లీచింగ్ పొడి డబ్బా మూత తీసి అత్తగారి చేతికందించింది. "ఇది కూడా వేస్తే బాగా తెల్లబడుతుంది."

"ఇన్నాళ్లకి బుద్దొచ్చింది నీకు," అని పైడమ్మ మురిసిపోయింది.

నేను పుట్టిన రోజున కూడా అంత శుభ్రంగా లేను. నన్ను మళ్లీ తొట్టికి తగిలించి, మీట నొక్కింది ఇందుమతే. ఆ విషం నా నోటితోనే ముత్యం మీదికి పోశాను. నాకు చేతులుంటే ఆపేదాన్నని చెప్పుకోవచ్చు. మనుషులకు చేతులున్నాయి కదా, ఏం చేశారో చూశాను.

ఆదివారం పొద్దున ముత్యం అడుగున పడి ఉంది. ధాత్రి అద్దానికి ముఖం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి కొంగుతో తుడవబోతే చెయ్యి తోసేసి మామ్మ ఒళ్లోకి పోయింది. ఆ చెయ్యి గాలిలోనే ఉండిపోవడం నేను చూశాను.

"మళ్లీ చంపీసావు," అన్నాడు భానోజీ కంచం ముందు కూర్చుంటూ.

ఆమె కాదనలేదు. ముగ్గురికీ అన్నం వడ్డించింది. చారు పోసింది. పిల్ల కంచంలో నెయ్యి వేసి, ముద్ద కలిపి పెట్టింది. తర్వాత గిన్నె కింద పెట్టి, ఉప్పు తక్కువైందేమో అని అడిగే గొంతుతోనే అంది.

"రేపట్నుంచి నేను ల్యాబుకి వెళ్తున్నాను. వాళ్లతో మాట్లాడేశాను. ధాత్రి బడికి ఆటో కుదిర్చాను. అత్తయ్యా, మీ మందులు పొద్దున్నే తీసి పెడతాను. ఇంక ఈ ఇంట్లోకి చేపలు తేవద్దు."