అందరికీ తెలిసిన సంగతి

"మంచిగనే ఉన్నవ్ గద పోశవ్వా! జర రక్తం తక్కువైనట్టుంది, గంతే" అని వాడలోని కోమల అన్నప్పుడు, మంచం కోడు ఊడబీకి ఆమె నెత్తిన ఒక్కటి వెయ్యాలనిపించింది పోశవ్వకు. ఆ వారంలో ఆ మాట అన్నవాళ్లలో కోమల పదకొండోది. అందరూ బత్తాయిలు పట్టుకొస్తారు. మంచం అంచున కూర్చుంటారు. మంచిగైతవంటారు. గడప దాటాక కోడలు నవత చెవిలో గుసగుసలాడి కొంగుతో కళ్లొత్తుకుంటారు. రేకుల ఇంట్లో గుసగుసలు ఎంత చక్కగా వినపడతాయో వీళ్లకు తెలియదా?

కడుపులో గడ్డ. కరీంనగర్‌లో డాక్టరు ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, మొగడు రాయమల్లుతో లోపల మాట్లాడాడు. రాయమల్లు బయటికొచ్చి, "ఏం లేదు, పుండట. గోలీలకు తగ్గుతది" అన్నాడు. అని ఊరుకున్నా బాగుండేది. కోరుట్ల బస్సెక్కే ముందు రెండు కిలోల ద్రాక్షపండ్లు కొని ఆమె ఒళ్లో పెట్టాడు. నలభై ఏళ్ల కాపురంలో తిన్నావా అని అడిగిన పాపాన పోని మనిషి! పోశవ్వకు సంగతి అక్కడే అర్థమైపోయింది.

అర్థమయ్యాక ఆమె కోరింది ఒక్కటే. సౌదీలో, దమ్మాంలో పనిచేసే కొడుకు పరశురాములు ఇంటికి రావాలి. తన నోట మాట ఆడుతుండగానే రావాలి. వాడు రావాలంటే వాడికి సంగతి తెలియాలి. తెలియాలంటే ఇంట్లో ఎవరో ఒకరు నోరు తెరవాలి. అక్కడే వచ్చింది తంటా.

ముందు మొగడిని అడిగింది. "ఏమయ్యా, పోరనికి ఫోన్ జేసి నా సంగతి చెప్పు. నేనింక ఎక్కువ దినాలుండ."

రాయమల్లు దిగ్గున లేచి, "పొలం కాడ మోటరు బందు జేసిన్నో లేదో" అంటూ చెప్పులేసుకున్నాడు. కరెంటు పోయి గంటైంది. ఇంకేం మోటరు, ఆయన మొహం!

తర్వాత కోడలిని అడిగింది. "గట్లనకు అత్తా, తథాస్తు దేవతలుంటరు" అని నవత చెవులు మూసుకుంది.

"ఉండనియ్యి. వాళ్లన్న నా మాట ఇంటున్నరు."

నవత ఏడుస్తూ వంటింట్లోకి పోయింది. ఆ ఏడుపు ఆపడానికి చివరికి పోశవ్వే, "తగ్గుతదిలే బిడ్డా, ఊకో" అనాల్సి వచ్చింది. ఇదెక్కడి న్యాయం? చచ్చేదీ తనే, ఓదార్చేదీ తనేనా?

ఇక శుక్రవారం వీడియో కాల్ తతంగం వేరే. ఆ రోజు పరశురాములుకు సెలవు. నవత ముందుగానే అత్తకు తల దువ్వి, మొహానికి పౌడరు రాసి, మెడ ఎముకలు కనపడకుండా దుప్పటి గడ్డందాకా లాగుతుంది. వాడేమో "మంచిగున్నవా అవ్వా? తిన్నవా? సరే మరి" అని నవ్వుతూ మూడు ముక్కల్లో ముగిస్తాడు. పోయిన శుక్రవారం పోశవ్వ "బిడ్డా, నాకు..." అని మొదలుపెట్టిందో లేదో, "సిగ్నల్ లేదు, సిగ్నల్ లేదు" అంటూ నవత ఫోనుతో పెరట్లోకి ఉరికింది. దుప్పటి విసిరికొట్టే బలం కూడా లేక పోశవ్వ అట్లాగే పండుకుంది.

ఈ శుక్రవారం మధ్యాహ్నం ఎప్పటిలాగే వాడకట్టు ఆడవాళ్లు బీడీల చాటలు పట్టుకొని పోశవ్వ వాకిట్లో నీడకు చేరారు. ముప్పై ఐదేళ్లు తనూ వాళ్లతో బీడీలు చుట్టిందాయె, ఆమె మంచం కూడా అక్కడికే లాగారు. కోడళ్ల ముచ్చట్లు, సీరియల్ ముచ్చట్లు, ఎవరి బిడ్డ ఎవరితో మాట్లాడుతోందో ఆ ముచ్చట్లు. లోకంలో ఉన్నవన్నీ మాట్లాడతారు. పోశవ్వ దగ్గితే మాత్రం అందరి తలలూ ఆకు కత్తిరింపులోకి వంగిపోతాయి.

పోశవ్వకు చిర్రెత్తుకొచ్చింది. వాళ్లలో పక్కింటి ఖుర్షీద్ పోయినేడు ఉమ్రా యాత్రకు పోయొచ్చింది. ఆమెను పిలిచింది.

"ఖుర్షీద్, మక్కా నుంచి నీ కఫన్ బట్ట, సచ్చినంక సుట్టేది, తెచ్చుకుంటివి గద. ఏడ వెట్టినవ్?"

చాటల మీద చేతులన్నీ ఆగిపోయాయి. ఖుర్షీద్ మాత్రం పండుగ చీర ఎక్కడుందో చెప్పినట్టే చెప్పింది. "బీరువల పై అరల ఉందక్కా. మక్కా జంజం నీళ్లల్ల తడిపి, ఎండవెట్టి, మడతవెట్టిన. మా కోడలు రుబీనాకు సూపిచ్చిన గూడ, ఆ టైముల దేవులాడుకుంట పరేషాన్ కావద్దని."

"సూసిండ్రా?" పోశవ్వ గొంతు లేచింది. "గుండ్రాయోలె ఉన్న మనిషి బట్టతోని సహా తయారుంది. మంచంల వడ్డ నన్ను మాత్రం ఒక్క మాట మాట్లాడనిస్తలేరు మీరు!"

"గా ముచ్చట్లెందుకు పోశవ్వా, శుక్రారం పూట..." అంది కోమల.

"ఏ వారం మాట్లాడాల్నో నువ్వే చెప్పు కోమలా. ఐతారం మాట్లాడుదామా?"

బీడీలు చుడుతున్న బుచ్చవ్వ ఫక్కున నవ్వింది. నవ్వి, అట్లాగే ఏడుపులోకి దిగింది. ఆమె మొగడు పోయి రెండేళ్లు. "మా ఆయిన గూడ గిట్లనే మాట్లాడవొచ్చిండే. 'బుచ్చీ, నేను పోతే ఒక్కదానివి ఎట్లుంటవే' అన్నడు. నోరు మూసుకో, గవ్వేం మాటలని కసిరిన. మూసుకున్నడు. మల్ల తెరవనే లే."

రెండేళ్లుగా రోజూ ఆ వాకిట్లోనే కూర్చుంటోంది బుచ్చవ్వ. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఖుర్షీద్ చాట పక్కన పెట్టి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. కాసేపటికి కోమల జరిగి పోశవ్వ మంచం దగ్గరికొచ్చింది.

"నొప్పి ఎట్లుంటంది పోశవ్వా? నిజం జెప్పు."

ఇన్నాళ్లకు ఒకరు అడిగారు! "నడుముల పొడుస్తది. గదైతే ఓర్చుకుంట" అంది పోశవ్వ. "ఒక్కదాన్ని ఉన్నప్పుడు పోతనేమోనని భయమైతంది కోమలా. శానా భయమైతంది."

కోమల ఈసారి రక్తం తక్కువైందని అనలేదు. ఆమె చెయ్యి పట్టుకొని కూర్చుంది.

అప్పుడే ఫోను మోగింది. నవత దువ్వెన, పౌడరు డబ్బా పట్టుకొని బయటికొచ్చింది.

"అవ్వన్ని అవుతల వారెయ్యి. ఫోనియ్యి."

"అత్తా..."

"ఇయ్యంటున్న!"

వాకిలంతా చూస్తుంటే నవత కాదనలేకపోయింది. పోశవ్వ దుప్పటి కిందికి తోసి, ఫోను రెండు చేతులా పట్టుకుంది. పొలం నుంచి అప్పుడే వచ్చిన రాయమల్లు గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"పరశురాములూ, నడుమ మాట్లాడకుంట ఇను. నాకు కడుపుల క్యాన్సర్ గడ్డ. నేను సచ్చిపోతున్న. వీళ్లు నీకు చెప్తలేరు, నన్ను చెప్పనిస్తలేరు."

తెర మీద కొడుకు మొహం కదల్లేదు. ఫోను బిగుసుకుపోయిందేమో అనుకుంది.

"నాకు తెలుసవ్వా" అన్నాడు వాడు.

"ఎప్పటి సంది?"

"నువ్వు కరీంనగర్ పోయిన దినమే బాపు ఫోన్ జేసిండు. రెండు నెలలన్నడు."

"మరి రాకపోతివేందిరా!"

"టికెట్ తీసుకున్ననవ్వా. నేను ఎకాయెకి వస్తే నీకు అనుమానమొస్తదని, భయపడి ఉన్న పాణం గూడ పోతదని బాపోళ్లు వద్దన్నరు. క్యాన్సల్ జేసిన." వాడు చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "నీకు తెల్వదనుకున్ననే అవ్వా."

ఏడు శుక్రవారాలు. ఏడు శుక్రవారాలు ఆమె వాడికోసం పౌడరు రాసుకుంది, వాడు ఆమెకోసం నవ్వాడు. పోశవ్వకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. "మీ తెలివి తెల్లార!" అని అందరినీ కలిపి ఒక్కసారే తిట్టి, తర్వాత ఏడ్చింది.

"ఇప్పుడు రావాల్నా అవ్వా?"

"ఇంక అడుగుతున్నవారా? ఎన్నడొస్తవ్?"

"కంపెనీల కాయితాలు కావాలె. నాలుగు దినాలైతది."

పోశవ్వ తల తిప్పి గేటు వైపు చూసింది. "ఏమయ్యా, డాక్టరు జెప్పినదాంట్ల నాకింకెన్ని దినాలున్నయి?"

వాకిలంతా రాయమల్లు వైపు తిరిగింది. ఆయన గేటు పట్టుకొని అట్లాగే కింద కూలబడ్డాడు.

"పది" అన్నాడు. "పది దినాలే పోశీ."

పోశవ్వ కొంగుతో మొహం తుడుచుకొని, ఫోను దగ్గరికి లాక్కుంది.

"నాలుగు పోతే ఆరుంటయి బిడ్డా. ఆరు దినాలు మాట్లాడుకుందాం. జల్ది రా."