ఎండుచేపల డబ్బా

తరన్నుమ్ దాచిన డబ్బు కనిపెట్టగల మగాడు ఏలూరులో ఇంకా పుట్టలేదు. పోలీసు కుక్కని తెచ్చినా అది ఆ డబ్బాకి ఓ దణ్ణం పెట్టి వెనక్కి వెళ్ళాల్సిందే. కలిదిండి నుంచి పుట్టింటివాళ్ళు పంపే ఎండుచేపల డబ్బా అది. "మీ ఊరి కంపు" అంటూ భర్త రహమాన్ ముక్కు మూసుకుంటాడు. అత్త జులేఖా అటువైపు తొంగి కూడా చూడదు. చేపల అడుగున ప్లాస్టిక్ కవరు, అందులో జాకెట్లు కుట్టి వెనకేసిన నోట్లు.

ఆ ధీమా సాయంత్రం బియ్యం కడుగుతుండగా ముగిసింది. రహమాన్ ఓ అయిదొందల నోటుని ముక్కుకి ఆనించి, ఒళ్ళంతా ముక్కే అయినట్టు పీలుస్తూ వంటింట్లోకి వచ్చాడు.

"మందుల షాపు నరేంద్ర ఇచ్చాడు. 'పొద్దున మీ ఆవిడ ఇన్‌హేలర్‌కి ఇచ్చిన నోటండీ, గల్లాపెట్టె కొల్లేరైపోయింది, మార్చివ్వండి' అన్నాడు. షాపులో అందరూ నవ్వారు. నేను నీకు డబ్బులివ్వలేదే?"

గిన్నె ఒరిగి బియ్యం సింకులోకి జారాయి. తన గుండె చప్పుడు తంగెళ్ళమూడి దాకా వినబడుతోందనుకుంది తరన్నుమ్. చెబితే కవరు పోతుంది. "ఆడదానికి డబ్బెందుకు, అడిగితే ఇవ్వనా?" అంటాడాయన. ఇస్తాడు, ఇంట్లో ఉంటే. పోయిన వానాకాలం కూతురు ముస్కాన్‌కి ఆయాసమొచ్చి పెదాలు నల్లబడితే, ఆయన ఫోనెత్తలేదు. "వాడు రానీ" అంది అత్త. ఆటోకి డబ్బుల్లేక, పిల్లని భుజానేసుకుని వీధంతా అప్పడుగుతూ పరుగెత్తింది తను.

"చేపలు కొన్నప్పుడు తడిసుంటుందండీ."

"మనం చేపలు కొని ఎన్నాళ్ళయింది?"

రహమాన్ వాసన పట్టుకుంటూ అరలు వెతకసాగాడు. పప్పు డబ్బా. కారం డబ్బా దగ్గర ఇల్లదిరేలా తుమ్మాడు. గుమ్మంలోంచి అత్త చల్లగా అంది:

"పై అర చూడరా. కలిదిండి డబ్బా."

రహమాన్ పై అరకేసి చెయ్యి చాచాడు. అప్పుడే పక్కగదిలో ముస్కాన్ దగ్గింది. వెంటనే ఇన్‌హేలర్ బుస్సుమంది. దగ్గు ఆగింది.

అతని చెయ్యి పడకముందే తరన్నుమ్ డబ్బా లాక్కుని పొట్టకి అదుముకుంది.

"నాదేనండీ. నేనే దాచాను. పిల్లకి ఊపిరాడనప్పుడు మీరు దొరకరు, అందుకని. ఇంక దాచను. మీ కళ్ళెదురుగా బల్లమీదే పెడతాను. ముట్టుకోకండి."