బొటనవేలి కింద మాట

చేతులు పడిపోతాయని చెప్పి డాక్టరు అక్కడితో ఆపితే చిరంజీవి ఎలాగో ఓర్చుకునేవాడు. అది నరాల జబ్బని, ముందు చేతులు, తర్వాత కాళ్లు, ఆ తర్వాత మాట కూడా పోతుందని ఆయన విడమరిచి చెప్పాడు. హైదరాబాదు దవాఖాన నుంచి సిద్దిపేటలో బస్సు దిగేదాకా చిరంజీవి నోరు విప్పలేదు. మాట పోవడమంటే ఇట్లాగే ఉంటుందేమోనని భార్య స్వరాజ్యలక్ష్మి భయపడింది.

వాళ్ల ఇంటి ముందుగదిలో మగ్గం. దాని పక్క మడిగెలో, చిన్న దుకాణం గదిలో, హస్నైన్ ఒకప్పుడు గేమ్ పార్లర్ నడిపేవాడు. నేసి నేసి నడుం పట్టేస్తే చిరంజీవి అక్కడికి పోయి ప్లేస్టేషన్‌లో క్రికెట్ ఆడేవాడు. అడ్డపోగు మోసే నాడెను ఇటూ అటూ విసిరే చేతులు కదా, బటన్లు నొక్కడంలో కుర్రాళ్లు అతనికి సాటివచ్చేవాళ్లు కాదు. అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాక పార్లర్ మూతపడింది. హస్నైన్ అక్కడే సెల్‌ఫోన్ల రిపేరు పెట్టుకున్నాడు. పాత ప్లేస్టేషన్ ఒకటి కొనేవాడు లేక అల్మారా మీద ఉండిపోయింది.

చిరంజీవికి వేళ్లన్నీ చచ్చుబడి, కదిలేది కుడి బొటనవేలు ఒక్కటే మిగిలినప్పుడు హస్నైన్ ఆ డబ్బా దింపి, దుమ్ము తుడిచి పట్టుకొచ్చాడు.

"అన్నా, ఫోన్ మీద నీ ఏలు నిలుస్తలేదు. గీ కంట్రోలరైతే నీకు అలవాటే. డబ్బల లినక్స్ ఎక్కిస్త."

"గదేంది, కొత్త ఆటనా?"

"ఆట గాదే. గిప్పుడు గిది ఆటలాడుడు తప్ప ఏం చెప్పినా ఇనదు. లినక్స్ ఎక్కిందనుకో, మామూలు కంప్యూటర్ అయితది. ఒక్కో బటన్‌కు నీ మాట ఒక్కటి పెడ్త. గిది నొక్కితె నీళ్లు, గిది నొక్కితె పక్కకు మర్లెయ్యుమని. నీ గొంతుతోనే పలుకుతది."

"అంటే నోరు పోయినా స్వరాజ్యాన్ని తిట్టొచ్చన్నట్టు."

"ఇప్పటిదాంక తిట్టినయి సాలయా?" అంది లోపల్నించి స్వరాజ్యలక్ష్మి.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే హస్నైన్ తన ఫోన్ తీసి, "ముందుగాల గీ నాలుగు మాటలు గిండ్ల చెప్పు, దాసి పెడ్త" అన్నాడు.

చిరంజీవి తల అడ్డంగా ఊపాడు. "పడుగు బిగియకముందు ఎవడన్న నాడె ఏస్తడారా? డబ్బ తయారు గానియ్యి. గప్పుడు కూసొని మంచిగ చెప్త."

నేత ఇంట్లో ఇది వాదించే సంగతి కాదు. పడుగు, అంటే నిలువు పోగులన్నీ అతికి, దువ్వెనలాంటి అచ్చులోంచి లాగి, సాపుగా బిగించాకే నాడె ముట్టుకుంటారు. తొందరపడితే పోగులు చిక్కుపడతాయి తప్ప బట్ట రాదు. అదీకాక, ఫోన్‌లో మాట దాచుకోవడమంటే గొంతు పోతుందని తన నోటితోనే ఒప్పుకోవడం. అది తెలుసు కాబట్టే స్వరాజ్యలక్ష్మి బలవంతపెట్టలేదు. పెద్దవాడు చెప్పాడు కదా అని హస్నైన్ కూడా ఫోన్ జేబులో వేసుకున్నాడు.

ఆ డబ్బా ఏనాడూ నెట్ మొహం చూడలేదు. అందుకే వేరే సిస్టమ్ వేసుకునే దారిని కంపెనీ తర్వాత నెట్ ద్వారా మూసేసినా, ఇందులో అది ఇంకా తెరిచే ఉంది. కానీ మెమరీ తక్కువ. లినక్స్ సగం ఎక్కి తెర నల్లబడేది. హస్నైన్ ఇంకో తేలికపాటి రకం తెచ్చాడు. అది ఎక్కింది కానీ కంట్రోలర్‌ను గుర్తుపట్టలేదు. వెతికి వెతికి గుర్తుపట్టేలా చేస్తే, సౌండ్ రాలేదు. డబ్బా లొంగనకొద్దీ హస్నైన్‌కు పంతం పెరిగింది. దుకాణం మూసి నేరుగా ఇక్కడికే వచ్చేవాడు. ఇంట్లో తల్లి రబియాబీ అన్నం పెట్టుకుని అతని కోసం ఎదురుచూసేది.

ఈలోపు చిరంజీవి మాట ముద్దయింది. మొదట ఫోన్‌లో అవతలివాళ్లకు అర్థం కాకుండా పోయింది, తర్వాత ఇంటికి వచ్చినవాళ్లకు. భార్యకూ కూతురికీ అర్థమవుతూనే ఉంది, అందుకే ఇంకా మాట ఉందనే అనుకున్నారు.

ఒకరోజు కూతురు దీక్షితకే అనుమానం వచ్చింది. "చిచ్చా, నాయిన మాట ఫోన్లనన్న పట్టుకుందామా?" అని హస్నైన్‌ను అడిగింది.

"రేపు సౌండ్ వస్తది బిడ్డా. పక్కా రేపే."

సౌండ్ వచ్చేసరికి చాలా రేపులు గడిచాయి. వచ్చిన రోజు హస్నైన్ చిన్నపిల్లాడిలా గంతేశాడు. చిరంజీవి వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. హస్నైన్ మైక్ అతని నోటి దగ్గర పట్టుకుని, "చెప్పే అన్నా. స్వరాజ్యం, నీళ్లు" అన్నాడు.

చిరంజీవి నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మళ్లీ తెరిచాడు. మెడనరాలు ఉబ్బాయి, నుదుట చెమట పట్టింది. గాలే వచ్చింది.

"మైక్ ఖరాబున్నట్టుంది" అంటూ హస్నైన్ వైర్లు కదిలించాడు.

"మైక్ మంచిగనే ఉంది చిచ్చా" అంది దీక్షిత మెల్లగా. "నీ మాట అండ్ల పడుతుంది గద."

నాన్న గొంతు దొరుకుతుందేమోనని ఫోన్లో పాత వీడియోలన్నీ వెతికింది. అన్నింట్లోనూ తండ్రి మగ్గం గుంటలోనే కూర్చుని నేస్తున్నాడు. ఒకదాంట్లో ఇటు తిరిగి నవ్వుతూ ఏదో అంటున్నాడు. పెదాలు కదులుతున్నాయి, వినిపించేది మగ్గం చప్పుడే.

హస్నైన్ తల వంచుకుని, "నెట్ల మొగ గొంతు దొరుకుతది వదినా. తెలుగు మాట్లాడేదే. గది పెడ్త" అన్నాడు.

"నా ఇంట్ల పరాయి మొగోడు నన్ను పేరు వెట్టి పిలుసుడేంది?" స్వరాజ్యలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుని మైక్ లాక్కుంది. "గాయన ఎట్ల పిలుస్తుండెనో నాకు ఎరుకలేదా? పట్టు, నేనే చెప్త."

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఇంటి వెనక గిన్నెలు తోముతోంది. ముందుగదిలోంచి పిలుపు వచ్చింది. "స్వరాజ్యం, నీళ్లు." గొంతు ఆమెదే. చిరంజీవి పిలిచినట్టే చివర కొంచెం గుంజి పిలిచింది.

చేతులు కడుక్కుని నీళ్లు తెచ్చి చెంచాతో పట్టింది. అతను మింగలేదు. నీళ్లు పెదాల పక్క నుంచి కారిపోయాయి. దాహం కాదు, ఉత్త పిలుపేనని అర్థమై గ్లాసు కింద పెట్టింది.

బొటనవేలు మళ్లీ కదిలింది.

"స్వరాజ్యం, నీళ్లు" అంది డబ్బా.

"ఊఁ" అంది ఆమె. "ఈడనే ఉన్న."

మళ్లీ నొక్కాడు.