తలకిందుల కెమెరా

ఆమె సంచి భుజాన వేసుకుని వీధిలోకి వస్తే చాలు, "పామునాడించే ఆవిడ వచ్చింది" అంటారు. సంచిలో ఉండేది పాము కాదు, కెమెరా. వేలెడు లావు కూడా లేని తల, ఆ తలకొక చిన్న దీపం, వెనక పొడుగాటి తీగ, చివర చేత్తో పట్టుకునే తెర. గోడలు పగలగొట్టకుండా గోడల్లోకీ, పైపులు విప్పకుండా పైపుల్లోకీ తొంగి చూడడమే ఆమెకూ ఆమె మావయ్యకూ బతుకుతెరువు.

మావయ్య పాత కెమెరాతో ఒక తంటా ఉండేది. ఒకసారి దాని తల ఊడిపోతే ఆయన సొంత తెలివి ఉపయోగించి అతికించాడు, అదీ తిరగేసి. అప్పట్నించి తెర మీద కింద ఉన్నది పైకీ, కుడివైపుది ఎడమకీ వచ్చేసేది. మళ్ళీ విప్పితే అసలుకే మోసం వస్తుందని భయపడి, ఆయన తెరనే తలకిందులుగా పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. కోడలూ అలాగే నేర్చుకుంది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీ మూతపడి ఆమె దిక్కుతోచక కూర్చున్న రోజుల్లో, "నాతో రా అమ్మా, ఓపిగ్గా చూడ్డం వస్తే చాలు" అని సంచి ఆమె భుజానికి తగిలించిన మనిషి ఆయన. అది తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

ఈమధ్య ఆయన మోకాళ్ళు మొరాయించడంతో కొత్త కెమెరా కొని ఆమె చేతిలో పెట్టాడు. "ఇక నువ్వే యజమానివి. నేను ఇంట్లో కూర్చుని నీమీద అజమాయిషీ చేస్తా" అన్నాడు.

దాంతో మొదటి పని ఒక పెద్దవయసు దంపతుల ఇంట్లో పడింది. ఆవిడకు వినబడదు. ఆయనకు గొంతు ఆపరేషన్ అయ్యాక గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. వాళ్ళిద్దరి మధ్యా మాట నడిపించేది ఆవిడ చెవి మిషన్ ఒక్కటే. పొద్దున తల దువ్వుకుంటూ ఆవిడ దాన్ని అలమారా మీద పెడితే, చెయ్యి తగిలి వెనక ఉన్న చెక్కగోడ సందులోకి జారిపోయింది. ఆ గోడ లోపలంతా బోలు. అడుగున చెమ్మ. తమాషా ఏమిటంటే మిషన్ లోపల పడి కూడా ఈల వేస్తూనే ఉంది. ఇంటిల్లిపాదికీ వినిపిస్తోంది, ఒక్క ఆవిడకు తప్ప.

"కొత్తది నా చెవి కొలతకి చేసి ఇవ్వాలంటే వారాలు పడుతుందట," అంది ఆవిడ గట్టిగా. "పగలంటే పలక మీద రాసి చూపిస్తారు. రాత్రి ఆయనకి ఊపిరాడక పిలిస్తే నాకెట్లా తెలుస్తుందమ్మా?"

"కంగారు పడకండి పిన్నిగారూ," అంటూ ఆమె సంచి దించి చేత్తో సైగ చేసింది.

స్టూలెక్కి, తీగ మెడ మీద, కెమెరా ఎటు తిరిగి ఉందో తెలిపే గీత తనవైపు ఉండేలా చూసుకుని, సందులోంచి మెల్లగా దించింది. బూజు, దుమ్ము, నిలువునా దిగిన కరెంటు గొట్టం. గొట్టానికి ఎడమపక్కన, అడ్డపట్టీ మీద, పడిపోనా వద్దా అన్నట్టు అంచున ఆగి ఉంది మిషన్. గోడ కాస్త గట్టిగా అదిరితే చాలు, అడుగున చెమ్మలో పడుతుంది. ఆమె గోడ మీద ఎడమవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, చేతిరంపం తీసింది.

ఆ గుర్తు మీద పెద్దాయన అరచెయ్యి ఆనించాడు.

"ఇటు కాదమ్మా. అటు." మాట గాలిలా వచ్చింది.

"తెర మీద కళ్ళారా చూశాను బాబాయిగారూ."

"నేను పొద్దుట్నించీ చెవి ఆనించి వింటున్నా. ఈల అటునుంచే వస్తోంది."

ఆమెకు చిర్రెత్తింది. కొత్త కెమెరా, మొదటి పని, యజమాని హోదా! కానీ ఆ చెయ్యి కదల్లేదు. సరే, మరోసారి చూపిద్దామని తెర ఎత్తింది. కింద ఉండాల్సిన మీటలు పైన ఉన్నాయి. కంపెనీ పేరు తలకిందులుగా ఉంది. ఆమె నాలుక కరుచుకుంది. పాత కెమెరా తెరను పట్టుకున్నట్టే దీన్నీ తిరగేసి పట్టుకుంది! పైనుంచి నిటారుగా కిందికి చూసే బొమ్మ కావడంతో తేడా తెలియలేదు. తిప్పి పట్టుకుంటే మిషన్ బుద్ధిగా కుడిపక్కకు వచ్చి కూర్చుంది.

"మీ చెయ్యే అడ్డం రాకపోతే కొంప మునిగేది బాబాయిగారూ. మీ మేలు మర్చిపోను," అంది.

వేలితో తట్టినా అదురుతుందేమో అన్నంత భయంగా, కుడివైపు చెక్కను నెమ్మదిగా కోసింది. కెమెరా తలకు కొక్కెం తగిలించి, తెరను సరిగ్గా పట్టుకున్నానా అని మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ, మిషన్‌ను అంచు నుంచి లోపలికి లాగి, చేత్తో అందుకుంది. దుమ్ము తుడిచి ఆవిడ అరచేతిలో పెట్టింది.

ఆవిడ దాన్ని చెవికి పెట్టుకుంది. ఈల ఆగిపోయింది. పెద్దాయన దగ్గరకొచ్చి, పొద్దుట్నించీ వినిపించలేక పడ్డ యాతనంతా కూడగట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా అడిగాడు. వచ్చింది మాత్రం అదే గుసగుస.

"వినబడుతోందా?"

"అబ్బ!" అని ఆవిడ విసుక్కుంది. "పక్కనే ఉన్నాగా, ఎందుకండీ అంత అరుస్తారు?"

అరుస్తున్నావని తనను ఎవరైనా తిట్టి ఎన్నాళ్ళయిందో. పెద్దాయన ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి నవ్వుతూ నిలబడ్డాడు.