ఫ్లాస్కులో పాలు

జహనుమాలో మా గల్లీకి పాలు పోసేది ఆగమ్మ. రెండు బర్రెలు, ఒక ఇత్తడి చెంబు, ఎవరితోనైనా పోట్లాడగల గొంతు ఆమె ఆస్తి.

1979 ఎండాకాలానికి మా అన్న కూతురికి ఏడు నెలలు. వదిన లలిత డ్యూటీకి వెళ్ళాక పాప ఏడ్చినప్పుడల్లా అమ్మ స్టవ్ వెలిగించి పాలు వెచ్చబెట్టేది. కిరసనాయిలు దొరకడం కష్టంగా ఉంది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి ఫ్యాన్ల కంపెనీలో కొత్తగా చేరాను. మొదటి జీతంతో ఫ్లాస్కు కొన్నాను. రెండు గాజు గోడల మధ్య గాలి తీసేస్తారు కాబట్టి వేడి బయటికి పోదని అమ్మకు బొమ్మ గీసి మరీ చెప్పాను. అమ్మ బొమ్మ వంక చూడలేదు.

పొద్దున ఆరింటికి కాచి పోస్తే పాలు సాయంత్రం దాకా గోరువెచ్చగా ఉండేవి. గాజు పగులుతుంది, లోపల బ్రష్ పెట్టొద్దని చెప్పింది కూడా నేనే.

పదో రోజు పాపకు వాంతులు, విరేచనాలు. ఆస్పత్రిలో నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇంటికొచ్చాక కూర్చోబెడితే ఒరిగిపోతోంది. పాలు పడలేదని డాక్టరు అన్నాడట. అమ్మకు ఆ మాట చాలు.

"మోరీల మురికి నీళ్ళు కలిపి పోసినవా మా పోరికి?" అని గుమ్మంలోనే ఆగమ్మను నిలదీసింది.

"రోజు గోరు మీద చుక్క వెట్టి చూస్తవ్ గద రాజమణక్కా. ఒక్కనాడన్న జారిందా?"

"గోరు మీద పురుగులు కనవడ్తయా?"

మూడు రోజుల్లో గల్లీలో సగం ఇళ్ళు ఆగమ్మ దగ్గర పాలు మానేశాయి. ఆమె ఒక బర్రెను అమ్మకానికి పెట్టిందని తెలిసింది.

నాకు మాత్రం ఒక్కటే తేలలేదు. అవే పాలు మేమూ తాగాం, గల్లీ అంతా తాగింది. పాపకొక్కదానికే ఎందుకు పడలేదు? ఆదివారం కాచిన పాలు సగం ఫ్లాస్కులో పోశాను. సగం గిన్నెలో చల్లార్చి, నీళ్ళ పళ్ళెంలో పెట్టి తడిగుడ్డ కప్పాను. మధ్యాహ్నం రెండు గంటలకు గిన్నెలో పాలు బాగానే ఉన్నాయి. ఫ్లాస్కు బిరడా తీస్తే పుల్లటి వాసన. టీలో పోస్తే విరిగిపోయాయి.

కాచినా చావని క్రిములు కొన్ని, బిరడా కింద జిడ్డులో ఉన్నవి మరికొన్ని. చల్లగా ఉంటే అవి నెమ్మదిగా పెరిగేవి. గోరువెచ్చగా ఉంటే వాటికి పెళ్ళి భోజనమే. రోజూ రాత్రి అమ్మ గోరువెచ్చటి పాలలోనే కదా తోడేసేది. పెరుగుకు ఆమె చేసే పనే పాప పాలకు నేను పగలంతా చేయించాను.

అమ్మకు చెప్పాను.

"ఊకో. గిప్పుడు చెప్తె లలిత ముంగట నీ మొకం ఏడ వెట్టుకుంటవ్?"

"ఆగమ్మత్త బర్రెను అమ్ముతున్నది అమ్మా."

"మనమేమన్న అమ్ముమన్నమా?"

మర్నాడు నల్లా దగ్గర అందరి ముందూ చెప్పేశాను. బిందెల వరసలో ముందున్న వరమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"గంత సదువు సదివినవ్, పాలు ఎట్ల తోడుకుంటయో చెప్పలేదా బిడ్డా ఆడ?"

"చెప్పలే అత్తా. కరెంటు గురించి చెప్పిన్రు."

ఎవరో కిసుక్కుమన్నారు. వదిన నవ్వలేదు. సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు, పాపను నా చేతికి ఇవ్వలేదు.

వారంలో ఇళ్ళన్నీ మళ్ళీ ఆగమ్మ పాలే పోయించుకున్నాయి. బర్రె అమ్మకం ఆగింది. మా గుమ్మం ముందు మాత్రం ఆమె ఆగలేదు. గిన్నె పట్టుకుని ఎదురెళ్ళాను.

"మాకు పొయ్యవా అత్తా?"

"నల్గుట్ల నిజం చెప్పినవ్, మంచిగ చేసినవ్." చెంబు మీద కొంగు కప్పింది. "కని మీ ఇంట్ల పసిపోరి ఉన్నది బిడ్డా. రేపు దానికి పన్ను మొలిచి జరమొచ్చినా మీ అమ్మ మొదలు నా దిక్కే చూస్తది. నాకు భయమైతున్నది."

పక్కింటి మెట్టెక్కి పాలు కొలవసాగింది. మా ఇంట్లో పాప ఏడుపు అందుకుంది. గిన్నె పట్టుకుని శంషీర్‌గంజ్ వైపు నడిచాను, అక్కడ మమ్మల్ని ఎరగని పాలవాళ్ళు ఎవరైనా ఉంటారేమోనని.