రెండో తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. ఒంటరిదాన్ని కాను, నాకో జంట ఉంది. గుంటూరులో ఇనప్పెట్టెలు చేసే ఒక కార్ఖానాలో మస్తాన్ అనే ముసలాయన ఒకే కడ్డీని రెండు ముక్కలు చేసి, పక్కపక్కన బిగించి మమ్మల్ని అరగదీశాడు. పళ్లు మాత్రం వేరువేరుగా కోశాడు. మేమిద్దరం చెరో కన్నంలో దూరి తిరిగితే గాని తెరుచుకోని ఇనప తలుపు కూడా మాతోపాటే తయారైంది. పనంతా అయ్యాక మమ్మల్ని చెరో గుడ్డలో చుడుతూ, ఇక మీరిద్దరూ ఒకే చేతిలో పడకూడదర్రా అన్నాడు. పుట్టినరోజునే విడదీశాడు. మనుషుల మీద నా అలక అప్పుడు మొదలైంది.

ఆ తలుపు కోనసీమలో ఒక చిన్న సహకార బ్యాంకు స్ట్రాంగ్‌రూముకు చేరింది. లోపల ఊరివాళ్ల తాకట్టు బంగారం, చీటీలు కట్టిన గుడ్డసంచుల్లో ఉండేది. నా జంట మేనేజరు దగ్గర, నేను అకౌంటెంటు దగ్గర. ఉదయం ఇద్దరూ తలుపు ముందు నిలబడి మమ్మల్ని తిప్పాలి. సాయంత్రం మూసేసి, రిజిస్టరులో సంతకాలు పెట్టి, ఎవరి చెవి వాళ్లు ఇంటికి పట్టుకుపోవాలి. అంటే రోజుకు రెండుసార్లు, ఒక్క తిప్పుడంతసేపు, అవతలి కన్నంలో నా జంట ఉందని ఇనుములోంచి తెలిసేది. మిగతా పొద్దంతా దాన్ని కలగంటూ గడపడమే నా కొలువు.

మొదటి అకౌంటెంటు త్రిమూర్తులుగారు నన్ను మొలతాడుకు కట్టుకునేవారు. ఇరవై రెండేళ్లు ఊరందరి బంగారానికి కాపలా కాస్తూ నేను చూసిన లోకం ఆయన పొట్ట. ఆయన రిటైరయ్యాక కనకరత్నంగారి చేతికి వచ్చాను.

ఆమెది ఏటికి అవతల ఉన్న లంక. మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ కలిపి దాటించే పంటు ఎక్కి రోజూ వచ్చేవారు. ఆ ఇంట్లో నెలజీతమంటూ తెచ్చేది ఆమె ఒక్కరే. ఇంటికి వెళ్లగానే నన్ను పోపులడబ్బాలో ఆవాల గిన్నెలో దాచేవారు. దొంగ బీరువా వెతుకుతాడు గాని పోపు వెతకడని ఆమె లెక్క. ఆవాల్లో మెత్తగా కూరుకుపోయి ఎన్ని కలలు కన్నానో. పొద్దున పంటు మీద ఆమె సంచిలో ఊగుతుంటే, ఏటి మీది మంచు సంచిలోకీ వచ్చేది. నీళ్లూ ఆకాశమూ తెలియని ఆ తెల్లదనంలో, అవతలి గట్టున నా జంట నిలబడి ఉన్నట్టే అనిపించేది.

మేనేజరు జోగారావుగారు ఊరంతటికీ ఇష్టుడు. ఎవరి పిల్ల ఏం చదువుతోందో, ఎవరి గేదె ఎప్పుడు ఈనిందో ఆయనకు తెలుసు. ఒక శ్రావణమాసం వరదకు పంటు రెండు గంటలు ఆగిపోయింది. పెళ్లికూతురి తల్లి ఒకావిడ తన కాసులపేరు విడిపించుకుందామని వచ్చి, తలుపు తెరవడానికి నేను లేక, బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. జోగారావుగారు అది చూడలేకపోయారు. మర్నాడు కనకరత్నంగారితో, "ఎందుకమ్మా రోజూ దీన్ని మోసుకుని పంటెక్కడం? నా దగ్గరుంచెయ్యండి. రిజిస్టర్లో సంతకం మీదే ఉంటాది కదా" అన్నారు.

నా మీద నమ్మకం లేదా అని ఆయన అడగలేదు. అడగకపోయినా ఆ మాట ఇద్దరి మధ్యా ఉంది. పెద్దాయన్ని కాదంటే ఏమనుకుంటారోనని ఆమె మొహమాటపడ్డారు. ఆయ్, మీరుండగా భయమేటండి అని నన్ను తీసి బల్ల మీద పెట్టారు.

ఆయన మమ్మల్నిద్దర్నీ ఒకే రింగుకు గుచ్చారు.

ఉన్నమాట చెబుతాను, నా జీవితంలో అంత సుఖం ఎరగను. ఆయన నడిస్తే మేం గలగలలాడేవాళ్లం. మూడేళ్లు అలా గడిచాయి. ప్రతి సాయంత్రం కనకరత్నంగారు 'రెండవ తాళంచెవి నా వద్ద ఉన్నది' అన్న గడిలో సంతకం పెట్టి, ఉత్తి సంచితో పంటెక్కేవారు. నేను ఒక్కసారైనా ఆవాలను తలుచుకోలేదు.

పెళ్లిళ్ల రోజుల్లో జోగారావుగారి మంచితనం మరీ పొంగేది. తాకట్టు పెట్టినవాళ్లు వచ్చి, మా పిల్ల పెళ్లికి మా నగ ఒక్కరోజు పెట్టుకుని తెచ్చిస్తామండి అని బతిమాలేవాళ్లు. వాళ్ల నగే కదా అని ఆయన ఒక్కరే మమ్మల్ని ఒకదాని తర్వాత ఒకటి తిప్పి, సంచి విప్పి ఇచ్చేవారు. కాగితం లేదు, కలం లేదు. అందరూ మర్నాటికల్లా తెచ్చిచ్చారు. గంగరాజు అనే కొబ్బరి వ్యాపారి మాత్రం తేలేదు. రేపన్నాడు, ఎల్లుండన్నాడు, తర్వాత ఊళ్లోనే కనిపించలేదు. చీటీ కట్టిన ఖాళీ సంచి అరలో అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి జోగారావుగారి నడకలో మా గలగల తగ్గింది. మమ్మల్ని గుప్పిట్లో అదిమి పట్టుకునేవారు.

ఆ యేడే పక్క పట్టణంలో ఒక సహకార బ్యాంకు కూలిపోయింది. మూసిన షట్టరు ముందు జనం పాస్‌బుక్కులు పట్టుకుని రోజుల తరబడి కూర్చున్నారట. మా బ్యాంకుకూ జనం పరిగెత్తుకొచ్చి, మా బంగారం ఉందాండి అని అడిగారు. భద్రంగా ఉందని జోగారావుగారు అందరికీ చెప్పారు. ఆ తర్వాత పైనుంచి కొత్త కొత్త ఉత్తర్వులు దిగాయి. ప్రతి బ్యాంకుకూ చెప్పాపెట్టకుండా తనిఖీ అధికారులు రావడం మొదలైంది.

మాకు వచ్చినాయన పేరు దామోదరం. తన కేరియరు, తన మంచినీళ్ల సీసా తానే తెచ్చుకున్నారు. కాఫీ వద్దన్నారు. పెద్ద పుస్తకాలేవో అడుగుతారనుకుంటే, నేరుగా కనకరత్నంగారి బల్ల దగ్గరికి వెళ్లి, "మీ తాళంచెవి ఒకసారి చూపిస్తారా?" అన్నారు.

ఆమె చెయ్యి సంచిలోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. నేను జోగారావుగారి జేబులో ఉన్నాను.

జోగారావుగారు గబగబా రింగు తీసి, ఏరు పొంగుతోందని ఇవాళ ఒక్కరోజుకి నేనే పుచ్చుకున్నానండి అన్నారు. ఆమెను కాపాడాలనే అన్నారు. ఆమె తలూపితే చాలు, ఉద్యోగం నిలబడుతుంది, లంకలో పొయ్యి వెలుగుతుంది. నేనైతే తలూపమ్మా అనే కోరుకున్నాను. నా స్వార్థం నాది.

"ఇవాళ ఒక్కరోజు కాదండి" అన్నారు కనకరత్నంగారు. "మూడేళ్లయిందండి. రిజిస్టర్లో నా సంతకాలన్నీ అబద్ధమేనండి."

సంచులు లెక్కపెట్టారు. ఖాళీది బయటపడింది. దాని సంగతి ఆవిడకి తెలీదండి, నేనే ఇచ్చాను అన్నారు జోగారావుగారు. దామోదరంగారు గోటితో రింగు విడదీసి, మమ్మల్ని బల్లకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెట్టారు. "పక్క పట్టణం బ్యాంకులో కూడా దొంగతో మొదలవలేదండి. ఇలాగే, ఒక మంచాయనతో మొదలైంది" అన్నారు. మమ్మల్ని విడదీసినందుకు ఆయన్ని నేను చాలాకాలం తిట్టుకున్నాను.

జోగారావుగారి ఉద్యోగం పోయింది. పోయిన నగకు బదులు కట్టడానికి భార్య గాజులు ఆ బ్యాంకులోనే తాకట్టు పెట్టారు. కనకరత్నంగారికి రెండు ఇంక్రిమెంట్లు ఆపేశారు. ఇక నన్ను ఎవరికివ్వాలని పాలకవర్గం తర్జనభర్జన పడుతుంటే, ఆవిడకే ఇవ్వండి, అడగ్గానే నిజం చెప్పిన మనిషి ఆవిడే అన్నారట దామోదరంగారు. నేను మళ్లీ ఆవాల్లోకి వెళ్లాను.

రెండేళ్ల తర్వాత ఏరు మళ్లీ పొంగింది. పంటు కదిలేసరికి పదకొండున్నర. ఆమె నన్ను సంచిలో ఉంచలేక గుప్పిట్లో పట్టుకుని, తడిసిన చీరతో గట్టు ఎక్కి, దాదాపు పరుగున వచ్చారు. మెట్ల నిండా జనం. కొత్త మేనేజరు నా జంటను పట్టుకుని గుమ్మంలో బిక్కమొహం వేసుకున్నాడు. ఆ రెండోది కూడా ఈయన దగ్గరే ఉంచి ఏడవచ్చు కదా అని ఎవరో కేకలేస్తున్నారు.

వాళ్ల మధ్య, చేతిలో చీటీతో, జోగారావుగారు కూర్చుని ఉన్నారు. ఆ రోజు మనవరాలికి ఓణీల వేడుకట. నానమ్మ గాజులు ఆ పిల్ల చేతికి తొడగాలని, బాకీ తీర్చి విడిపించుకోవడానికి పొద్దున్నే వచ్చారు. ముహూర్తం పన్నెండుకు. అందరికంటే ఎక్కువ తొందర ఆయనది.

"అరవకండి," అన్నారాయన, లేవకుండానే. "రెండో తాళం రావాలి. వచ్చేదాకా ఆగాల్సిందే."

కనకరత్నంగారు ఆ మాట విన్నారు. ఆయన వైపు చూడలేక, తల వంచుకుని లోపలికి నడిచారు. నేనూ నా జంటా కలిసి తిరిగాం. ఆయన చేతికి గాజులు అందేసరికి పన్నెండు దాటిపోయింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని సంతకం పెట్టి, ఆమెకు నమస్కారం చేసి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం విడిపోతుంటే, మొదటిసారిగా నాకు ఎవరి మీదా కోపం రాలేదు.

ఇప్పుడు ఆ తలుపు లేదు. అంకెలు నొక్కితే తెరుచుకునే కొత్తది బిగించి, పాతదాన్ని తూకానికి అమ్మేశారు. పనికిరాని మమ్మల్ని ఎవరో ఒకే కవరులో పడేశారు. ఇన్నాళ్లకు కలిశాం కదా అని నేను ముడుచుకుని పడుకున్నాను. కనకరత్నంగారు రిటైరయ్యే రోజున సొరుగు సర్దుతూ ఆ కవరు చూశారు. నన్ను బయటికి తీసి, కాసేపు అరచేతిలో ఉంచుకుని, వేరే కవరులో వేసి, పైన 'రెండోది' అని రాసి, ఎదుటి బల్ల సొరుగులో పెట్టారు.

నా ఒంటికి ఇంకా ఒక ఆవగింజ అంటుకునే ఉంది.