వానకు మూడు వారాల ముందు

ఫోను మోగినప్పుడు ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది.

"అమ్మా, మన గుంటలో మొక్కలన్నీ పీకేస్తున్నారు. తొందరగా రండి," అన్నాడు పల్లపు వీధి దర్జీ, ఆయాసపడుతూ.

ఆమె స్కూటరు తాళాల కోసం చెయ్యి చాచింది. "కాలరు ఒక్కటీ చేసి వదిలేశావేం?" అన్నాడు భర్త బనీనుతో నిలబడి. "నాకు మీటింగుంది. నీ గడ్డి కాళ్ళొచ్చి పారిపోతుందా?" లోపలి నుంచి అత్తగారు అందుకుంది. "నా కాఫీ, మాత్రలు ఇచ్చి వెళ్ళమ్మా. ఊరంతా పచ్చగా చేసే కోడలికి ఇల్లే కంటికి ఆనదు!"

ఆమె చొక్కా పూర్తి చేసింది. కాఫీ కలిపింది. మాత్రలు విప్పి చేతిలో పెట్టింది. పిల్లకు జడ వేసి, రెండు డబ్బాలు సర్ది, బయటపడేసరికి ముప్పావుగంట. ఎవరూ ఆమెను కట్టి పడేయలేదు. దారంతా ఆ సంగతే ఆమెను తొలిచింది.

నగరపాలక సంస్థ తోటల విభాగంలో ఆమెది చిన్న ఉద్యోగం. పుట్టింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. చెప్పిన పని చెప్పినట్టు చేయడమే చదువుకు మర్యాద అనుకునేది. ఎవరూ చెప్పకుండా చేసింది ఆ గుంట ఒక్కటే. పల్లపు వీధి అది. వాన పడితే నీళ్ళు దుకాణాల్లోకి వచ్చేవి. దర్జీ తన మిషన్ను బల్ల మీదికి ఎత్తుకునేవాడు. ఆ నీళ్ళు ఇంకేలా కాలిబాట పక్కన పొడుగ్గా గుంట తవ్వించి, అడుగున కంకర పోయించి, ఊరి బయట చెరువుగట్ల నుంచి తుంగ, వట్టివేరు దుబ్బులు తెప్పించి నాటించింది. "మా ఆవిడకు జీతమిచ్చి గడ్డి పీకిస్తున్నారు," అని భర్త చుట్టాల్లో నవ్వించేవాడు. పీకడం కాదు, నాటడం అని ఆమె ఒక్కసారీ అనలేదు. రెండు వానాకాలాలు మిషన్ బల్ల ఎక్కలేదు. ఆ గడ్డి ఎండల్లో పైకి గోధుమరంగు తిరిగి, నేలలోపల ఊపిరి దాచుకుంటుంది. చూసేవాళ్ళకు చచ్చినట్టే ఉంటుంది. వానలకింకా మూడు వారాలున్నాయి.

ఆమె చేరేసరికి గుంట బోసిగా ఉంది. పనివాళ్ళ పెద్దామె కొంగుతో మొహం తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "ఎవరో పెద్దలు ఈ దారిన వస్తారంట. ఎండినయ్యన్నీ తీసెయ్యమన్నారు తల్లీ. తీస్తుంటే నాకే అనుమానమొచ్చింది, చచ్చినదానికి ఇంత పట్టేంటని. గునపాలతో గానీ రాలేదు."

ఆమె ఒక దుబ్బు ఎత్తింది. వేళ్ళు ఆమె చేతికన్నా పొడుగున్నాయి. గోటితో గీరితే తెల్లగా, తడిగా ఉన్నాయి. "మళ్ళీ పాతేద్దామా?" అంది పెద్దామె మెల్లగా. సగానికి తెగిన వేళ్ళు ఈ ఎండకు నిలవవని ఆమెకు తెలుసు. తల అడ్డంగా ఊపింది. లారీలోంచి చుట్టలు చుట్టిన పచ్చిక దింపుతున్నారు, తివాచీల్లా.

ఆఫీసులో పై అధికారి టైపు చేసిన కాగితం ముందుకు తోశాడు: 'సంరక్షణ లేక మొక్కలు చనిపోయినందున తొలగించి, పచ్చిక పరచడమైనది.' కింద ఆమె హోదా, సంతకానికి చోటు.

"ఊరికే ఫైలు కోసమమ్మా. ఆడవాళ్ళయితే మొక్కల్ని పిల్లల్లా చూసుకుంటారనే గదా మీకా సీటిచ్చాం. పోనీలెండి, మీ మీదికి రాకుండా నేను చూసుకుంటాను."

నేను చూసుకుంటాను. ఈ మాట తండ్రి అన్నాడు, భర్త అన్నాడు. అన్న ప్రతిసారీ ఆమె ఎక్కడో ఒకచోట సంతకం పెట్టింది.

ఆమె 'సంరక్షణ లేక', 'చనిపోయినందున' అన్న మాటలు కొట్టేసి, 'బతికి ఉండగానే' అని రాసింది. కింద ఇంకో వాక్యం చేర్చింది: 'కబురు అందినా, ఇంటిపని ముగించి బయల్దేరడం వల్ల వేళకు వచ్చి ఆపలేకపోయాను.'

అధికారి కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "ఇదేంటమ్మా! ఇంటిపని సంగతులు ఆఫీసు ఫైల్లో ఎవరైనా రాస్తారా?"

"ఇంతవరకూ ఎవరూ రాయలేదండీ," అని ఆమె సంతకం పెట్టింది.